చార్లీ హేడెన్

చార్లెస్ ఎడ్వర్డ్ హేడెన్ (1937 ఆగస్టు 6 – 2014 జూలై 11) అమెరికాకు చెందిన జాజ్ డబుల్ బేస్ వాద్యకారుడు, స్వరకర్త, బృంద నాయకుడు. జాజ్ కచేరీలో మిగతావారు కల్పన చేస్తుంటే, ముందే అనుకున్న కార్డ్స్ (స్వరసమూహాల) వరుసనూ లయనూ తప్పకుండా నిలబెట్టడం బేస్ పని. అసలు ఆ వరుసే లేని సంగీతంలో బేస్ ఏం చేయాలన్న ప్రశ్నకు తొలి గట్టి జవాబులలో ఒకటి హేడెన్‌ది.

అయోవా రాష్ట్రంలోని షెనండోవాలో పుట్టాడు. వాళ్ల కుటుంబమంతా రేడియోలో కంట్రీ పాటలు పాడేది. రెండేళ్లు నిండకముందే తనూ ఆ కార్యక్రమంలో గొంతు కలిపాడు. పదిహేనేళ్లప్పుడు పోలియో సోకి ముఖం, గొంతు నరాలు దెబ్బతిన్నాయి. పాట ఆగిపోయింది. అన్న వాయించే బేస్ మీద అప్పటికే ఉన్న ఇష్టం ఇక పూర్తి సాధనగా మారింది. 1957లో జాజ్ నేర్చుకోవడానికి లాస్ ఏంజెలెస్ చేరి హాంప్టన్ హాస్, పాల్ బ్లే వంటి పియానో కళాకారుల పక్కన వాయించాడు.

అక్కడే సాక్సోఫోన్ కళాకారుడు ఆర్నెట్ కోల్‌మన్ పరిచయమయ్యాడు. కోల్‌మన్ కల్పన ఎటు మళ్లుతుందో ముందుగా తెలియదు; హేడెన్ దాన్ని వింటూ ఆధార స్వరాన్ని అప్పటికప్పుడు ఎంచుకునేవాడు. 1959లో వచ్చిన ‘ద షేప్ ఆఫ్ జాజ్ టు కమ్’ రికార్డు, ఆ ఏడాది చివర న్యూయార్క్ ఫైవ్ స్పాట్ క్లబ్బులో జరిగిన కచేరీలు జాజ్ లోకాన్ని రెండుగా చీల్చాయి. 1960 డిసెంబరులో రికార్డయిన ‘ఫ్రీ జాజ్’లో ఇద్దరు బేసిస్టులున్నారు. స్కాట్ లఫారో పై స్థాయిలో చకచకా పరుగెడుతుంటాడు, హేడెన్ మంద్రం వదలడు. వేగం అతనికి చేతకాక కాదు, అక్కర్లేక. ఒక్కో స్వరాన్ని పూర్తిగా మోగనిచ్చే ఈ తీరు వెనుక చిన్ననాటి కంట్రీ పాటలున్నాయి. హెరాయిన్ వ్యసనం వల్ల అతను కోల్‌మన్ బృందానికి దూరమైనప్పుడు ఆ చోటికి వచ్చింది లఫారోయే. చికిత్స తర్వాత ఆ దశాబ్దంలోనే హేడెన్ తిరిగి నిలదొక్కుకున్నాడు.

వియత్నాం యుద్ధంపై నిరసనగా 1969లో లిబరేషన్ మ్యూజిక్ ఆర్కెస్ట్రాను ఏర్పరచాడు. దాని వాద్య సంవిధానం ఎక్కువగా స్వరకర్త కార్లా బ్లేది. తొలి ఆల్బమ్‌లో స్పెయిన్ అంతర్యుద్ధ కాలపు పాటలున్నాయి. 1971లో పోర్చుగల్‌లోని కాష్కాయిష్ ఉత్సవంలో, చే గెవారాపై తాను కట్టిన రచనను అంగోలా, మొజాంబిక్, గినియా-బిస్సావులలోని విమోచనోద్యమాలకు అంకితమిస్తున్నట్టు వేదికపైనే ప్రకటించాడు. అవి అప్పటికి పోర్చుగల్ వలసలు, పోర్చుగల్‌లో నియంతృత్వ పాలన. మర్నాడు లిస్బన్ విమానాశ్రయంలో రహస్య పోలీసులు అరెస్టు చేశారు. అమెరికా రాయబార కార్యాలయం కలగజేసుకున్నాక విడిచిపెట్టారు. తర్వాత స్వదేశంలో ఎఫ్‌బీఐ కూడా ప్రశ్నించింది.

1970లలో పియానో కళాకారుడు కీత్ జారెట్ బృందంలో వాయించాడు. 1982లో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ద ఆర్ట్స్‌లో జాజ్ విభాగాన్ని నెలకొల్పాడు. క్వార్టెట్ వెస్ట్ బృందంతో 1940ల నాటి హాలీవుడ్ నేర చిత్రాల వాతావరణాన్ని సంగీతంలోకి తెచ్చాడు. కొత్తగా వినేవారికి గిటారిస్టు పాట్ మెథీనీతో చేసిన ‘బియాండ్ ద మిస్సోరీ స్కై’ (1997) అన్నిటికంటే తేలిక దారి. దానికి గ్రామీ కూడా వచ్చింది. 2008 నాటి ‘రాంబ్లింగ్ బాయ్’లో కొడుకు జాష్, ముగ్గురు కవల కూతుళ్లు పెట్రా, రేచెల్, తాన్యాలతో పాత కంట్రీ పాటలు పాడించాడు, ఒక పాట తనే పాడాడు.

2012లో అమెరికా జాతీయ కళల సంస్థ (ఎన్‌ఈఏ) ఇచ్చే జాజ్ మాస్టర్ గౌరవం, 2013లో గ్రామీ జీవిత సాఫల్య పురస్కారం అందాయి. చివరి ఏళ్లలో పోలియో అనంతర రుగ్మత బాధించింది. 76వ ఏట లాస్ ఏంజెలెస్‌లో మరణించాడు. లిబరేషన్ మ్యూజిక్ ఆర్కెస్ట్రా చివరి ఆల్బమ్ ‘టైమ్/లైఫ్’ 2016లో వెలువడింది. అందులో రెండు రచనల్లో బేస్ అతనిది, మిగిలినవాటిలో స్టీవ్ స్వాలోది.