గిన్నెలో కాలిన రొట్టె: ఒక వంటకాన్ని చారిత్రక ఆధారంగా చదవడం

కొన్నేళ్ల కిందట గద్వాలలో జరిగిన ఒక కాంటాక్టు తరగతికి గట్టు మండలం నుంచి వచ్చిన విద్యార్థిని 'మా ఊరి చరిత్ర' అనే అసైన్‌మెంటు తెచ్చి ఇచ్చింది. మూడు పేజీల్లో రెండున్నర పేజీలు గద్వాల కోట గురించీ, సోమభూపాలుడి గురించీ రాసింది. చివర ఒక్క వాక్యం: "మా గట్టుకు చెప్పుకోదగిన చరిత్ర లేదు."

అదే రోజు మధ్యాహ్నం ఆమె టిఫిన్ డబ్బాలోంచి ఒక ముక్క తీసి నా చేతిలో పెట్టింది. ముదురు గోధుమరంగులో, తడిగా, మెత్తగా ఉంది. అరటిపండు, బెల్లం, శొంఠి, దాల్చినచెక్కల వాసన. కొరికితే పల్లీలు, ఖర్జూరం ముక్కలు తగిలాయి. "ఓవెన్ లేదు సార్, ఇసుక గిన్నెలో పెట్టి కాల్చిన. ఇది మనది కాదులే సార్, టీవీలో చూసి నేర్చుకున్న" అంది, కొంచెం సిగ్గుపడుతూ.

ఊరికి చరిత్ర లేదన్న మాటా, ఈ వంటకం మనది కాదన్న మాటా ఒకే పొరపాటు నుంచి వచ్చాయి. శాసనాలు, కోటలు, దస్తావేజులు మాత్రమే చారిత్రక ఆధారాలని మనం నేర్పాం, మీరు నేర్చుకున్నారు. ఈ పాఠంలో ఆ ముక్కనే ఒక దస్తావేజుగా చదువుదాం. ముందుగా దాన్ని ఎలా చేస్తారో తెలియాలి. తయారీ తెలియకుండా వస్తువు చరిత్ర చెప్పడం, లిపి రాకుండా శాసనం చదవడం లాంటిది.

తయారుచేసే విధానం

గోధుమపిండి 200 గ్రాములు, జొన్నపిండి 50 గ్రాములు తీసుకొని ఒక చిన్న చెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు, చెంచా శొంఠిపొడి, అర చెంచా దాల్చినచెక్క పొడి, నాలుగు ఏలకులు, రెండు లవంగాల పొడి కలిపి జల్లించాలి. సోడా చెంచాకు తలకట్టు ఉండకూడదు, వేలితో గీసి సమం చేయాలి. 150 గ్రాముల బెల్లాన్ని అరగ్లాసుకంటే తక్కువ వేడినీళ్లలో కరిగించి, వడగట్టి, పూర్తిగా చల్లార్చాలి. అందులో బాగా మగ్గిన రెండు అరటిపళ్ల గుజ్జు, 100 గ్రాముల పుల్లటి పెరుగు, 80 మిల్లీలీటర్ల పల్లీనూనె కలపాలి. వేయించి పొట్టుతీసిన పల్లీలు ఒక గుప్పెడు, గింజ తీసిన ఖర్జూరం మరో గుప్పెడు ముక్కలు చేసి, కొద్దిగా పొడిపిండి అద్దితే అడుగుకు దిగవు.

తడి, పొడి కలిపే పని చివర్లో, ఒక్క నిమిషంలో ముగియాలి. గరిటెతో నాలుగైదు సార్లు తిప్పితే చాలు. చపాతీపిండిలా పిసికితే గోధుమలోని జిగురు బలపడి రొట్టె గట్టిపడుతుంది. కలిపిన పిండిని పక్కన పెట్టి మరో పనికి వెళ్లకూడదు. ఎందుకో కాసేపట్లో చూద్దాం.

మందపాటి గిన్నెలో రెండు వేళ్ల మందం ఇసుక పోసి, మధ్యలో చిన్న స్టాండు పెట్టి, మూతతో పది నిమిషాలు వేడిచేయాలి. నూనె రాసిన చిన్న గిన్నెలో పిండి సగానికి పోసి లోపల దించి, మూతపెట్టి, సన్నని మంటమీద ముప్పావుగంట నుంచి గంటసేపు ఉంచాలి. మొదటి అరగంట మూత తీయవద్దు. చీపురుపుల్ల గుచ్చితే పొడిగా రావాలి. పూర్తిగా చల్లారాకే కోయాలి. మరునాటికి ఇంకా మెత్తబడుతుంది. బెల్లం గాలిలోని తేమను పట్టి ఉంచుతుంది కనుక చక్కెరతో చేసినదానికంటే ఇది ఎక్కువసేపు తడిగా ఉంటుంది.

నేను మొదటిసారి చేసినప్పుడు ఎక్కువ పొంగుతుందని సోడా రెండింతలు వేసి, పెరుగు మరిచాను. సబ్బు కొరికినట్లుంది. ఇంట్లో ఎవరూ రెండో ముక్క అడగలేదు.

పొంగుకు ఒక చరిత్ర ఉంది

ఆ సబ్బు రుచి దగ్గరే అసలు చరిత్ర మొదలవుతుంది. పిండి పొంగాలంటే లోపల వాయువు పుట్టాలి. వేల ఏళ్లుగా ఆ పనిని సూక్ష్మజీవులు చేశాయి. దోసెపిండి రాత్రంతా పులిసేది వాటివల్లే. గోవాలో పాత రొట్టె బట్టీలవారు పిండిని పులియబెట్టడానికి కల్లు వాడేవారు. ఈ పద్ధతికి కావలసింది సమయం. క్షారం, ఆమ్లం కలిస్తే మాత్రం వాయువు క్షణాల్లో పుడుతుంది. వంటసోడాకు పెరుగులోని పులుపు తగలగానే బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. కలిపిన పిండిని ఆపకూడదన్నది ఇందుకే. పులుపు చాలకపోతే మిగిలిన సోడా వేడికి సోడియం కార్బొనేటుగా మారుతుంది. అదే సబ్బు రుచి.

ఇలా పులియబెట్టకుండా క్షారంతో పొంగించే రొట్టెలను ఇంగ్లిషులో క్విక్ బ్రెడ్ అంటారు. ఇవి ముఖ్యంగా ఉత్తర అమెరికాలో పెరిగిన వంటకాలు. అక్కడ వలసదారులు అడవులు నరికి, కట్టె కాల్చి, ఆ బూడిదనుంచి పొటాష్, దాన్ని శుద్ధి చేసి పెర్ల్ యాష్ తీసేవారు. అమెరికా ప్రభుత్వం ఇచ్చిన మొట్టమొదటి పేటెంటు, 1790లో శామ్యూల్ హాప్కిన్స్‌కు ఇచ్చినది, ఈ బూడిద క్షారాన్ని తయారుచేసే మెరుగైన పద్ధతికే. 1796లో అమీలియా సిమన్స్ అచ్చువేసిన వంటల పుస్తకంలో పెర్ల్ యాష్‌తో పొంగించే రొట్టెలు కనిపిస్తాయి. 1843లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వ్యాపారి, తన భార్యకు ఈస్టు పడదని, బేకింగ్ పౌడరు తయారుచేశాడు. 1846లో అమెరికాలో ఆస్టిన్ చర్చ్, జాన్ డ్వైట్ వంటసోడా వ్యాపారం ప్రారంభించారు. 1860ల్లో బెల్జియంలో ఎర్నెస్ట్ సాల్వే ఉప్పు, సున్నపురాయి, అమ్మోనియాలతో సోడా తయారుచేసే పద్ధతిని నిలబెట్టాక అది చవక సరుకైంది. మన దేశంలో గుజరాత్ తీరంలోని మిఠాపూర్‌లో 1939లో స్థాపించిన టాటా కెమికల్స్ సోడా పరిశ్రమకు కేంద్రమైంది.

గట్టు విద్యార్థిని కిరాణా దుకాణంలో కొన్న సోడా పొట్లం వెనక ఇంత కథ ఉంది. అయితే కథ ఇంతేనా? క్షారం గురించి మన పల్లెలకు తెలియనిదేముంది! సౌడు నేలలమీద తెల్లగా పేరుకునే మట్టిని రజకులు బట్టల ఉడుకుకు వాడేవారు. అప్పడాల పిండిలో కలిపే ఖారం కూడా క్షారమే. క్షారం తెలుసు, పులుపు తెలుసు. రెంటినీ గోధుమపిండిలో కలిపే అవసరం రాలేదు, ఎందుకంటే గోధుమపిండే లేదు.

ఈ పాఠంలో నేను మిమ్మల్ని ఆగి ఆలోచించమనేది ఇక్కడే.

పిండి ఎక్కడిది?

గట్టు ఉన్నది కృష్ణా, తుంగభద్రల మధ్య నడిగడ్డలో, కర్ణాటక సరిహద్దున. రెండు నదుల మధ్య ఉన్నా వానమీద బతికిన మెట్టసీమ ఇది. తిండి జొన్న, సజ్జ, కొర్ర. జొన్నపిండిలో గోధుమలోలాగ సాగే జిగురు లేదు. అందువల్ల పుట్టిన వాయువును పట్టి ఉంచలేదు, పొంగదు. వేడినీళ్లతో కలిపి, అరచేతితో తట్టి, పెంకుమీద కాల్చే పొంగని రొట్టె ఈ నేలకు సహజం. ఇది వెనుకబాటు కాదు, గింజ స్వభావం. పై కొలతల్లో జొన్న ఐదోవంతుకు మించకపోవడానికి కారణమూ అదే.

గోధుమ, మైదా ఇక్కడికి ఎలా వచ్చాయి? ఒక దారి హైదరాబాదు బట్టీలది. తెలంగాణలో పొంగిన రొట్టెను డబల్ రొట్టె అంటాం. ఆ పేరులోనే పొంగు ఉంది. దేశవిభజన తరువాత సింధు నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రాంనాని 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర కరాచీ బేకరీ ప్రారంభించారు. అక్కడి ఫ్రూట్ బిస్కత్తులో ఎర్రగా, పచ్చగా కనిపించే టూటీ ఫ్రూటీ నిజానికి పాకంలో ఊరిన పచ్చి బొప్పాయి. బొప్పాయి అమెరికా ఖండం నుంచి వచ్చిన చెట్టు. ఇంకో దారి ప్రభుత్వాలది. 1954లో అమెరికా చేసిన పి.ఎల్.480 చట్టం కింద 1956 నుంచి ఓడల్లో గోధుమ వచ్చింది, రేషను దుకాణాలకు చేరింది. తరువాత హరిత విప్లవపు గోధుమ వచ్చింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక జొన్నరొట్టె చోట అన్నం చేరింది. ఏ వంటల పుస్తకమూ మార్చనంతగా ఈ నిర్ణయాలు పల్లె పళ్లేన్ని మార్చాయి.

పల్లీ సంగతి ఇంకా ఆసక్తికరం. గద్వాల, వనపర్తి మార్కెట్లలో పల్లీల రాశులు చూసినవారెవరైనా ఇది మన నేలలో పుట్టిన పంటే అనుకుంటారు. కర్నూలువైపు బుడ్డలంటారు, ఇంకా దక్షిణాన చెనిక్కాయలంటారు. ఇన్ని పేర్లున్న పంట పరాయిదెలా అవుతుంది? అయినా దాని పుట్టుక దక్షిణ అమెరికా. సముద్ర వర్తకం మొదలయ్యాకే మన దేశానికి చేరింది. 19వ శతాబ్దంలో ఫ్రాన్సులోని నూనె మిల్లుల కోసం పాండిచ్చేరి రేవునుంచి ఓడల్లో వెళ్లేటంతగా దక్షిణాదిలో విస్తరించింది. లవంగం మలుకు దీవులది. ఖర్జూరం అరబ్బు వర్తకులు తెచ్చినది, అయినా మన పొలం గట్టుమీది ఈతచెట్టుకు దగ్గరి చుట్టం. అరటి, శొంఠి, బెల్లం మనకు చాలా పాతవి.

ఇప్పుడు చెప్పండి, ఆ ముక్కలో 'మనది' ఏది, 'పరాయిది' ఏది? పల్లీని మనదని ఒప్పుకుంటే సోడాను కాదనడానికి ఆధారమేమిటి? ఎన్నేళ్లు గడిస్తే ఒక వస్తువు మనదవుతుందన్నదానికి చరిత్రకారుల దగ్గర కొలబద్ద లేదు. నా అభిప్రాయంలో ఉండనవసరమూ లేదు. ఎవరు పండించారు, ఎవరు కొన్నారు, ఎవరికి అందలేదు అన్న ప్రశ్నలు అంతకంటే ముఖ్యం.

ఓవెన్ లేని ఇల్లు

"మనకు ఓవెన్ లేదు" అన్న మాటను కూడా పరీక్షించాలి. నాలుగువైపులనుంచీ వేడి తగిలేలా కాల్చడమే బేకింగ్ అయితే, అది తెలుగు ఇళ్లకు తెలిసినదే. కోస్తా జిల్లాల్లో దిబ్బరొట్టెను మందపాటి గిన్నెలో పోసి, అడుగున బొగ్గులు, మూతమీద బొగ్గులు పెట్టి కాల్చేవారు. అమెరికా వలసదారులు మూతమీద నిప్పులు పోసిన ఇనుప కుండలో రొట్టె కాల్చిన పద్ధతీ ఇదే. తెలంగాణలో బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు కలిపి గిన్నె అడుగున ఒత్తి కాల్చే సర్వపిండి మరో ఉదాహరణ. ఇసుకలో పల్లీలు వేయించడం తెలియని ఊరు నడిగడ్డలో లేదు. ఆ అమ్మాయి టీవీలో చూసింది వంటకాన్ని. ఇసుక సంగతి ఆమెకు ముందే తెలుసు.

లేనిదల్లా గంటసేపు ఒకే తీరుగా ఉండే సన్నని మంట. కట్టెలపొయ్యి దగ్గర అది దాదాపు అసాధ్యం. పొలంనుంచి వచ్చిన మనిషి గంటసేపు మంట ఎగదోస్తూ, తగ్గిస్తూ తీపిరొట్టె కోసం కూర్చోలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్జ్వల పథకం పేద ఇళ్లకు గ్యాసు తెచ్చాయి. సిలిండరు ధర చూసి కట్టెకే తిరిగి వెళ్లిన ఇళ్లు కూడా ఉన్నాయి, నేను చూశాను. గట్టు ప్రాంతంలో స్త్రీల పగటి పొద్దు పత్తి విత్తన క్షేత్రాల్లో పూలను చేతితో పరాగసంపర్కం చేయడంలో గడుస్తుంది, లేకుంటే మగ్గం దగ్గర. పిండి రాత్రంతా పులిసే రొట్టెకూ, ముప్పావుగంటలో కాలే రొట్టెకూ తేడా వారికి రసాయనశాస్త్రం కాదు, తీరిక. పాలమూరు నుంచి వలసపోయిన కూలీలు నగరాల్లో టీ, బన్నుతో పూట గడిపినప్పుడూ లెక్క ఇదే: వండుకునే పొయ్యీ లేదు, సమయమూ లేదు. బేకరీ తిండిని విలాసమని కొట్టిపారేసే రచయితలు ఈ సంగతి ఎందుకో గమనించరు.

ఆ అసైన్‌మెంటుకు నేను ఎక్కువ మార్కులు వేయలేదు. చివరి వాక్యం కింద ఎర్రసిరాతో, "టిఫిన్ డబ్బా గురించి మళ్లీ రాయండి" అని రాసి తిప్పి ఇచ్చాను. రెండోసారి వచ్చిన కాగితాల్లో వాళ్ల నాయనమ్మ చెప్పిన మాటలు ఉన్నాయి: ఇంట్లోకి గోధుమపిండి మొదట వచ్చిన పండుగ, దాన్ని జొన్నపిండిలా తట్టబోతే చేతికి అంటుకుపోయిన వైనం.

అభ్యాసం: పై కొలతలతో రొట్టె చేయండి, లేదా మీ ఇంట్లో తరచు చేసే ఏదైనా వంటకాన్ని ఎంచుకోండి. అందులోని ఒక్కొక్క దినుసు మీ ఇంటికి ఏ దుకాణం, ఏ పొలం, ఏ పథకం ద్వారా వచ్చిందో రాసుకోండి. ఇంట్లో 60 ఏళ్లు దాటినవారిని కనీసం ఇద్దరిని, వీలైతే ఒక స్త్రీని, వేరే కులానికి చెందిన ఒక పొరుగువారిని అడగండి. వారు చెప్పిన మాటలు ఎక్కడ కలవలేదో అక్కడ దిద్దకుండా, రెండూ రాయండి. నాలుగు పేజీలకు మించవద్దు.