వాఘోబా రాయి కూడా సాక్ష్యమే

ముంబయి బోరివలిలో రైలు దిగితే సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానవనం దగ్గరే. మహానగరాన్ని ఆనుకొని సుమారు 104 చదరపు కిలోమీటర్ల కొండలు, అడవి. చూడవచ్చినవారు ఎక్కువగా కాన్హేరి గుహలకు వెళ్తారు. నూరుకు పైగా ఉన్న ఆ బౌద్ధ గుహల్లో, గుహలు తొలిపించినవారి పేర్లు, నీటి తొట్లు దానం చేసినవారి పేర్లు రాతిమీద ఉన్నాయి. శాతవాహనుడైన యజ్ఞశ్రీ శాతకర్ణి కాలపు శాసనమూ ఉంది.

అదే అడవిలో వార్లీల పాడాలు, అంటే గూడేలు ఉన్నాయి. వాళ్లు పులిదేవుడు వాఘోబాను కొలుస్తారు. వాళ్ల తాతల పేర్లు ఎవరూ రాతిమీద చెక్కలేదు. 1997లో బొంబాయి హైకోర్టు అక్కడి ఆక్రమణలు తొలగించమన్నాక, తాము ఆక్రమణదారులం కామని ఆదివాసులూ చెప్పుకోవలసి వచ్చింది.

2006 అటవీ హక్కుల చట్టం జాతీయ ఉద్యానవనాలకూ వర్తిస్తుంది. దాని 2008 నియమాలలో 13వది చూడండి. హక్కు కోరేవారు కాక ఇతర పెద్దలు చెప్పిన మాట రాసిపెడితే సాక్ష్యం. పాత బావి, శ్మశానం, దేవుడి చోటు కూడా సాక్ష్యమే. అంటే వాఘోబా రాయి కూడా శాసనంలాంటిదే.

బడిలో రాజుల పేర్లు వల్లె వేయిస్తున్నాం. ఈ ఏడు పిల్లలతో ఇంకో పని చేయిద్దాం. గూడెంలో పాత బావి ఎవరు తవ్వారో, దేవర ఎక్కడుందో అవ్వలను, తాతలను అడిగి, తేదీ వేసి రాయమందాం. అడగవలసినవాళ్లు ఉండగానే అడగాలి.