కురువిందం: సానరాతి చరిత్రలో ఒక తెలుగు మాట

పల్నాటిలోని దాచేపల్లిలో రాతికి కరవు లేదు. నాగులేటి ఒడ్డున ఉన్న ఆ ఊరి పరిసరాలలో నేల అడుగున సున్నపురాయి పొరలు పొరలుగా పరచుకొని ఉన్నది. ఇంటి నేలకు, గోడకు, సున్నపు బట్టీకి, సిమెంటు కర్మాగారానికి అదే ఆధారం. అయితే ఇంత రాతిలోనూ మంగలికత్తికి పదును పెట్టగల రాయి దొరకడం దుర్లభం. దీనికి కారణమేమి?

నూరడమంటే గీరడమే. రాతిలోని రేణువు ఉక్కుకంటె గట్టిదైతేనే ఉక్కు అరుగుతుంది. 1812లో జర్మన్ శాస్త్రజ్ఞుడు మోస్ ఖనిజాల కాఠిన్యానికి ఒకటి నుండి పది వరకు వరుస ఏర్పరచినాడు. సున్నపురాతిలోని కాల్సైటు ఆ వరుసలో మూడవది. గట్టిపరచిన ఉక్కు ఇంచుమించు ఆరు దాటుతుంది. కనుక నాపరాతిపై చాకుతో గీస్తే గీత రాతికే పడుతుంది. చాకుకు ఏమీ కాదు. ఈ పరీక్షను తరగతిలో ఎవరైనా చేసి చూపవచ్చును. ఇసుకరాతిలోని స్ఫటికం కాఠిన్యం ఏడు. అది ఉక్కును కోస్తుంది, కొడవలికీ గొడ్డలికీ చాలు. కాని దాని రేణువులు ముతకవి. అట్టి రాతిపై నూరిన కత్తి గడ్డాన్ని గొరగదు, చర్మాన్ని గీరుతుంది.

వెంట్రుక మందం సుమారు 50 నుండి 100 మైక్రానులు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. క్షౌరకత్తి అంచు ఒక మైక్రానుకంటె సన్నగా ఉండాలి. అందుకే దానిని నూరే పద్ధతి వేరు. కత్తి వీపు, అంచు రెండూ ఒకేసారి రాతిని తాకేటట్లు పరుండబెట్టి, అంచు ముందుగా నడుపుతారు. చివర చేరగానే వీపుమీదుగా తిప్పి రెండవ ప్రక్క నూరుతారు. వీపు మందమే కోణాన్ని నిర్ణయిస్తుంది కనుక చేయి తప్పే అవకాశం తక్కువ. ఆ కత్తిని మొదట చేసినవాని తెలివి అందులోనే ఉన్నది. తరువాత తోలుపట్టీపైనో, అరచేతిపైనో వీపు ముందుగా లాగుతారు. అక్కడ అంచు ముందు నడిస్తే తోలు తెగుతుంది.

ఇట్టి కత్తులకు ఐరోపాలో రెండు రాళ్లు ప్రసిద్ధి పొందినవి. ఒకటి బెల్జియంలోని ఆర్డెన్ కొండల లేత పసుపు రాయి. దానిలో గార్నెటు రేణువులు చేరి ఉంటాయి. రెండవది జర్మనీలోని తురింగియా పలకరాయి. మార్కాపురం బడిపలకల రాయి కూడ ఈ పలకరాతి జాతిదే.

మన దేశపు పనివారు వాడినది కురువిందం. అనంతపురం, ఖమ్మం ప్రాంతాలలో ఇది దొరుకుతుంది. రసాయనికంగా అల్యూమినియం ఆక్సైడు, కాఠిన్యం తొమ్మిది. ఎర్రనిదీ పారదర్శకమైనదీ అయితే కెంపు, పారదర్శకం కానిదైతే సానకు పనికివచ్చే రాయి. దీనిని పొడిచేసి, కరిగిన లక్కలో కలిపి సానచక్రాలు పోసేవారు.

ఇంగ్లండులో జాన్ వుడ్‌వర్డ్ (1665–1728) అనే శాస్త్రజ్ఞుడు ఖనిజాలను సేకరించేవాడు. చెన్నపట్నం సెంట్ జార్జి కోటలోని వైద్యుడు బల్క్‌లీ పంపిన రాళ్లు ఆయన పట్టికలో రెండు పేర్లతో కనబడతాయి: నల్ల కురువిందం, తెల్ల కురువిందం. వరిచేలలో ఎలుకలు త్రవ్విపోసిన మట్టిలో నల్లది దొరుకుతుందని, ఇనుముకు మెరుగుపెట్టడానికి వాడతారని అందులో వ్రాసి ఉన్నది. తెల్లదానితో కెంపులకు, వజ్రాలకు మెరుగు పెట్టేవారట. 1798లో చార్లెస్ గ్రెవిల్ రాయల్ సొసైటీ పత్రికలో ఈ రాతిపై వ్యాసం ప్రకటించినాడు. నేడు శాస్త్రగ్రంథాలలో ఉన్న కోరండం అనే పేరుకు నిఘంటుకారులు సాధారణంగా తమిళ కురుందాన్నే మూలంగా చూపుతారు. అది ఒప్పుకోదగినదే. కాని వుడ్‌వర్డ్ పట్టికలోని నల్ల, తెల్ల అనే మాటలకు తెలుగువారు అర్థం వెతుక్కోనక్కరలేదు.

సహజ కురువిందంలో ఒక చిక్కు ఉన్నది. దానిలో అభ్రకం వంటివి కలిసి ఉంటాయి. రేణువులు ఒకే పరిమాణంలో ఉండవు. వెయ్యి సన్నని రేణువుల నడుమ ఒక్క ముతక రేణువున్నా అంచుకు గంటు పడుతుంది. కృత్రిమ సానరాయి గెలిచినది ఇక్కడనే.

1891లో అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ బంకమన్నును, బొగ్గుపొడిని కలిపి విద్యుత్తుతో కాల్చగా మెరిసే చిన్న స్ఫటికాలు ఏర్పడినవి. అవి కార్బనూ కోరండమూ కలిసిన పదార్థమని భావించి కార్బొరండం అని పేరు పెట్టినాడు. నిజానికది సిలికాన్ కార్బైడు. కోరండం అందులో లేదు. పొరపాటు తెలిసినా పేరు నిలిచిపోయినది. కొద్ది సంవత్సరాలకే బాక్సైటును విద్యుత్ కొలిమిలో కరిగించి కురువిందాన్నే కృత్రిమంగా చేయసాగినారు. దానిని పొడిచేసి, పరిమాణం ప్రకారం వేరుచేసి, మట్టితోనో రెసిన్‌తోనో అతికించి రాయిగా చేస్తారు. సంఖ్య పెరిగినకొద్దీ రేణువు సన్నమవుతుంది. వెయ్యి సంఖ్య రాతిలో రేణువు సుమారు 14 మైక్రానులు. ఎనిమిదివేల రాతిలో ఒకటి నుండి మూడు. మొద్దుబారిన కత్తిని మొదటిదానిపై సరిచేసి, రెండవదానిపై ముగిస్తారు.

1954లో అమెరికా, బ్రిటన్ సంస్థల భాగస్వామ్యంతో మురుగప్ప కుటుంబం మదరాసులో కార్బొరండం యూనివర్సల్ కంపెనీని స్థాపించినది. బల్క్‌లీ రాళ్లను మూటగట్టి పంపిన పట్టణానికే ఆ మాట, కొంత రూపు మారి, సుమారు రెండున్నర శతాబ్దాలకు కంపెనీ పేరుగా తిరిగివచ్చినది.

క్షౌరశాలలలో మాత్రం 20వ శతాబ్దం చివరి దశాబ్దాలలో పరిస్థితి మారినది. రక్తం ద్వారా వ్యాపించే జబ్బుల భయంతో మనిషికొక బ్లేడు మార్చే పిడికత్తులు వచ్చినవి. వాటిని నూరరు, పారవేస్తారు. పాత పొదులలో మిగిలిన సానరాళ్లు నడుమ పల్లమై, రెండు కొసల ఎత్తుగా ఉంటాయి. ఆ పల్లం కత్తి అరిగించినదే.