పాయింటు టూటూ గురి రైఫిలు

గొట్టపు లోపలి వ్యాసము అంగుళమున నూటికి ఇరువదిరెండు పాళ్లు, అనగా సుమారు 5.6 మిల్లీమీటర్లు మాత్రమే కలిగి, వేటకు గాని యుద్ధమునకు గాని కాక, కాగితపు గురిపలకమీది నల్లని చుక్కను భేదించుటకై ప్రత్యేకముగా నిర్మింపబడిన రైఫిలును ఆంగ్లేయులు స్మాల్‌బోర్ రైఫిలనియు, మన కళాశాలల ఎన్.సి.సి. విద్యార్థులు పాయింటు టూటూ అనియు వ్యవహరింతురు. పందొమ్మిదవ శతాబ్ది చివరినుండి ఇరువదవ శతాబ్ది మధ్యభాగము వరకు తయారైన ఇట్టి రైఫిళ్లను వెదకి కొని, బాగుచేయించి, వానితోనే పోటీలలో పాల్గొనుట పాశ్చాత్యదేశములలో నొక వ్యాసంగముగా వర్ధిల్లినది. ఆంధ్రదేశమున నట్టి సేకర్తలు మిక్కిలి అరుదు. ఇచ్చట ఆ పాత రైఫిలు ధనికుల బీరువాలలో మెరయుటకు మారుగా, సంస్థల ఆయుధాగారములలో నుండి, వేలకొలది విద్యార్థుల భుజములకు ఆని అరిగినది. కావున దాని చరిత్రలో వస్తువుల కథ కంటె చట్టముల కథయు, విద్యాలయముల కథయు నెక్కువ.

ఈ ఆయుధమునకు మూలము తుపాకిలో లేదు, తూటాలో నున్నది. 1845 ప్రాంతమున పారిస్ నగరమునందు లూయీ ఫ్లోబెర్ అను తుపాకుల శిల్పి, పేలుడు పదార్థము గల చిన్న రాగిటోపీ మూతిలో సీసపు గుండు నమర్చి, ఇంటిలోపలనే గురిచూచి కాల్చుకొను వినోదమునకు దారి చూపెను. 1857లో అమెరికాలోని స్మిత్ అండ్ వెసన్ కంపెనీవారు దానికి కొంత మందు చేర్చిరి. 1887లో స్టీవెన్స్ కంపెనీవారు 40 గ్రెయిన్ల గుండుతో వెలువరించిన ‘లాంగ్ రైఫిల్’ తూటాయే కొలతలు పెద్దగా మారకుండ నేటి ఒలింపిక్ పోటీలలోను వాడుకలో నున్నది. దీని అడుగున వేరుగా టోపీ యుండదు. ఇత్తడి గొట్టపు అంచు మడతలోనే పేలుడు మిశ్రమ ముండును. రైఫిలు సూది ఆ అంచును నొక్కినంతనే అది రగులుకొనును. అట్లు నొక్కుపడిన గొట్టమును మరల నింపుట సాధ్యము గాదు గనుక, ఎంతటి గురికాడైనను తూటాకొరకు కర్మాగారముమీదనే ఆధారపడక తప్పదు. పోటీల తూటాకు సెకనుకు సుమారు 1,050 అడుగులకు మించి వేగము నీయకుండుటయు బుద్ధిపూర్వకమైన పనియే: ధ్వనివేగము సుమారు 1,120 అడుగులు, గుండు దానిని మించి బయలుదేరినచో, దారిలో మరల ఆ వేగమునకు దిగివచ్చునపుడు గాలిలో కలుగు క్షోభచే గురి చెదరును.

బోయర్ యుద్ధమున, అనగా 1899 మొదలు 1902 వరకు, దక్షిణాఫ్రికా రైతుల గురికి ఆంగ్లసేనలు బెంబేలెత్తిన పిదప, ఇంగ్లండునందలి ప్రతి గుమాస్తాయు ప్రతి కూలియు చవుకగా రైఫిలు కాల్చ నేర్వవలెనను ఉద్యమము తలయెత్తెను. 1901లో ఏర్పడిన శ్రామికుల రైఫిలు క్లబ్బుల సంఘము, అట్టిదే యగు మరియొక సంఘముతో 1903లో కలిసిపోయి, 1947 నుండి నేషనల్ స్మాల్‌బోర్ రైఫిల్ అసోసియేషన్ అను పేరుతో నడచుచున్నది. ఈ ఉద్యమమునకు పెద్దదిక్కు ఫీల్డు మార్షల్ లార్డ్ రాబర్ట్స్. ఈయన కాన్పూరులో జన్మించెను. 1881 మొదలు 1885 వరకు మద్రాసు సైన్యమునకు సర్వసేనానిగా నుండెను. దక్షిణాది సిపాయికి యుద్ధయోగ్యత లేదని ఆయన దృఢముగా నమ్మిన సంగతి ప్రసిద్ధము. అట్టి యభిప్రాయముల బలముచేతనే తరువాతి దశాబ్దములలో తెలుగువారి సైనికప్రవేశము క్షీణించెను. లండను గుమాస్తాకు తుపాకి నేర్పింప దీక్ష వహించినవాడే, తరతరములుగా తుపాకి పట్టిన తెలుగు సిపాయిని ఇంటికి పంపుటకు కావలసిన వాదమును సమకూర్చుట చరిత్రలో నొక విపరీతము!

సేకర్తలు నేటికిని మక్కువతో వెదకునవి ఈ క్లబ్బులకొరకు తయారైన రైఫిళ్లే. వానిలో అగ్రస్థానము మార్టిని పద్ధతివానిది. పీబాడీ యను అమెరికావాని యంత్రమును ఫ్రీడ్రిష్ ఫాన్ మార్టిని స్విట్జర్లండునందు మెరుగుపరపగా, 1871లో బ్రిటిషు సైన్యము దానిని పెద్దగొట్టపు రైఫిలుకు స్వీకరించెను. సైన్యమున కది పాతబడిన పిమ్మట, బర్మింగ్‌హాము నగరమందలి బి.ఎస్.ఏ. కంపెనీవారు అదే యంత్రమును కుదించి చిన్నగొట్టమునకు తగిలించిరి. మీటవెనుక నున్న లివరును క్రిందికి లాగగా, వెనుకకొస కీలుమీద నిలిచిన ఇనుపదిమ్మె ముందుకొస దిగువకు వాలి గొట్టపు నోరు తెరచుకొనును. తూటా పెట్టి లివరు నెత్తగా దిమ్మె మరల లేచి నోరు మూయును. మీట నొక్కుటకును తూటా పేలుటకును నడుమ పట్టు కాలము ఇందు మిక్కిలి స్వల్పము. ఆ యొక్క లిప్తలో చేయి కదలుటకు తావు తక్కువ. బోర్లపరుండి కాల్చువాడు రైఫిలును భుజమునుండి దింపకయే మరల తూటా నింపుకొనవచ్చును. లోప మేమన, గొట్టమును సామాన్యముగా మూతివైపునుండియే తుడువవలసి వచ్చును; అజాగ్రత్తగా త్రోసిన కడ్డీ మూతి అంచు నరగదీసెనా, గురికి కీడు మూడినట్లే. బి.ఎస్.ఏ. వారు మొదటి ప్రపంచయుద్ధమునకు పూర్వమునుండి 12వ నంబరు మొదలగు తరగతులను, 1950లో ‘ఇంటర్నేషనల్’ అను బరువైన రకమును వెలువరించిరి. అమెరికాలో వించెస్టర్ వారి 52వ మోడలు 1919లో పుట్టినది. జర్మనీలో 1856 నాటి ఆన్‌షూట్స్ సంస్థ, రెండవ యుద్ధానంతరము స్వస్థానమును కోల్పోయి 1950లో ఉల్మ్ నగరమున మరల నిలదొక్కుకొని, బోల్టు పద్ధతి రైఫిళ్లతో క్రమముగా మార్టినిని పోటీరంగమునుండి వెడలగొట్టినది.

సేకరణలో మొదటి పరీక్ష గొట్టము. సీసపు గుండు మెత్తనిదగుటచే గొట్టమునకు అరుగుదల బహు స్వల్పము. దానిని చెరచునది గుండు కాదు, త్రుప్పు. 1920ల చివరివరకు తూటాలలోని పేలుడు మిశ్రమము కాల్చినపిదప గొట్టమున నొకవిధమగు ఉప్పును వదలెడిది. గాలిలోని తేమను పీల్చు ఆ యుప్పును నాడే కడిగి నూనె పూయనిచో లోపలి మరగాడులు గుంటలు పడెడివి. కృష్ణాతీరమున శ్రావణ భాద్రపదములలో ఇనుము గతి యెరిగినవారికి ఇక వివరింపనక్కరలేదు. ఇట్లు చెడిన గొట్టమును తొలిచి, అందు క్రొత్త ఉక్కునాళము నిమిడ్చి బ్రతికించు విద్యలో బర్మింగ్‌హాము నందలి పార్కర్-హేల్ కంపెనీ ప్రసిద్ధి గాంచెను. అట్టి రైఫిలు సేకర్తదృష్టిలో కొంత విలువ తగ్గినదైనను, గురికాని దృష్టిలో విలువ పెరిగినదే. ఈ రెండవ తీర్పే న్యాయమని తోచుచున్నది. రెండవ పరీక్ష వెనుకకన్ను: సూక్ష్మముగా జరుపుకొన వీలైన రంధ్రము గల ఆనాటి సాధనము పోయి వేరొకటి తగిలించియున్నచో రైఫిలు సగము పోయినట్లే. బ్రిటనునందు 1973లో నెలకొన్న హిస్టారికల్ బ్రీచ్‌లోడింగ్ స్మాల్ ఆర్మ్స్ అసోసియేషన్ వంటి సంఘములు పాత ఆయుధములను చదువుటయే గాక కాల్చుటను గూడ ప్రోత్సహించుచున్నవి.

ఆంధ్రదేశమున ఈ విద్య మొదట పరాయివారిదిగనే యుండెను. 1920 నాటి ఆక్సిలరీ ఫోర్సు చట్టముక్రింద మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే రైఫిల్స్ అను దళ ముండెను. బెజవాడ ఆ రైల్వేకు పెద్ద కూడలియేయైనను, ఆ ఫోర్సు యూరోపియనులకును ఆంగ్లోయిండియనులకును నిర్దేశింపబడినది. తెలుగు విద్యార్థులకు యూనివర్సిటీ ట్రెయినింగ్ కోర్ కొంత త్రోవ తెరచినను, ఆ త్రోవ రహదారి యైనది 1948లో ఎన్.సి.సి. చట్టము వచ్చిన పిదపనే. కాల్చుటకు నేర్పినది లీ-ఎన్‌ఫీల్డు సైనికరైఫిలునకు చిన్నగొట్టము తొడిగిన రకముతోను, బి.ఎస్.ఏ. వారి తేలికరకముతోను, దూరము 25 గజములు, నేలపై పరచిన జంపఖానామీద బోర్లపరుండి అయిదు తూటాలు, అవి ఎంత దగ్గరగా గుమిగూడిన అంత ఘనత. చైనాయుద్ధానంతరము 1963లో కళాశాల విద్యార్థులకు ఈ శిక్షణ నిర్బంధమై, 1968లో మరల ఐచ్ఛికమయ్యెను. ఆ అయిదేండ్లలో, జన్మలో తుపాకి ముట్టని కుటుంబముల పిల్లలు, సంస్కృతము చదువువారు, గణితము చదువువారు అందరును ఈ పాత రైఫిళ్ల వెనుక పరుండి చెవులు గింగురుమనిపించుకొనిరి. సేకర్త ఏ రైఫిలును అద్దపు పెట్టెలో భద్రపరచునో అట్టిదే ఇచ్చట పాఠ్యపుస్తకమువలె చేతులు మారినది.

స్వంతముగా కలిగియుండుట వేరు సంగతి. 1878 నాటి ఆయుధచట్టమునకు బదులుగా వచ్చిన 1959 చట్టపు 13వ సెక్షను ఒక విచిత్ర విభజనమును చేసినది: పైరును కాపాడుకొనుటకు మూతినుండి మందుకూరు తుపాకి, ప్రభుత్వ గుర్తింపు గల రైఫిలు క్లబ్బు సభ్యునికి గురి అభ్యాసముకొరకు పాయింటు టూటూ లేదా గాలి రైఫిలు. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతముల మెట్టసీమలో ఈ విభజన మెట్లు పరిణమించునో ఊహించుట కష్టము కాదు. కంది, మొక్కజొన్న చేలను అడవిపందినుండి కాపాడుకొనవలసిన రైతునకు మొదటి వాక్యము తెలియును; మూతినుండి మందుకూరు ఆ భర్మారు తుపాకి పేరు తెలంగాణపు సరిహద్దు గ్రామములలో పసివారికి సైతము పరిచితము. రెండవ వాక్యము క్లబ్బులును, రేంజియు గల నగరముల సొత్తు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము వేటను కట్టడి చేయుటతో, రైఫిలు పట్ట గోరువానికి గురిపలకయే గతియైనది. ఆయుధచట్టమునకు 1983లో వచ్చిన సవరణ ఒక్కొక్కనికి మూడు ఆయుధములకు మించరాదని శాసించి, క్లబ్బు సభ్యుని పాయింటు టూటూను ఆ లెక్కనుండి మినహాయించెను; 2019 సవరణ ఆ మూటిని రెండు చేసెను. సామాన్యునికి విదేశీ ఆయుధముల దిగుమతి 1980ల దశాబ్దిలోనే మూతపడుటచే, దేశములో నున్న పాత బి.ఎస్.ఏ.లే చేతులు మారుచు వచ్చినవి. పనికిరాని స్థితిలో నుండి, మరమ్మతుచేతనైనను కాల్చ శక్యముగాని పురాతన ఆయుధమును చట్టము వదలివేయును. కాని కాల్చ వీలులేని రైఫిలు ఈ వ్యాసంగమునకు సగము మాత్రమే తృప్తి. హైదరాబాదులో 1951 డిసెంబరు 16న తెరువబడిన సాలార్‌జంగ్ మ్యూజియమున ఆయుధములను చూచి ఆనందింపవచ్చును గాని, భుజమున కానించుట కుదరదు గదా!

గరికపాడు పేరు ఈ చరిత్రలోనికి రహదారివెంట వచ్చును. పాలేటి యొడ్డున, విజయవాడనుండి హైదరాబాదుకు పోవు 65వ జాతీయ రహదారిమీద నున్న ఈ గ్రామము 1948 వరకు నైజాము రాజ్యపు అంచున నుండెను. 2014 జూన్ 2 తరువాత మరల సరిహద్దై, తనిఖీకేంద్రముతో నిలిచినది. ఆయుధ లైసెన్సు ఏ ప్రాంతమునకు చెల్లునో దానిపైననే వ్రాసియుండును గనుక, ఒక రాష్ట్రమునకు మాత్రమే చెల్లు లైసెన్సు గలవాడు అభ్యాసమునకై హైదరాబాదు పోవలెనన్నచో గరికపాడు దాటకముందే కాగితములు సరిచూచుకొనవలెను. పూర్వ మొకే రాష్ట్రమున నున్నప్పుడు ఈ చింత లేకుండెను.

హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణమందలి రేంజిలో 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడల తుపాకి పోటీలు జరుగగా, ఆ నగరముననే పెరిగిన గగన్ నారంగ్ గాలిరైఫిలులో స్వర్ణము గెలిచెను. 2010 ఢిల్లీ కామన్‌వెల్త్ క్రీడలలో ఆయన గెలిచిన నాలుగు స్వర్ణములలో రెండు 50 మీటర్ల మూడుభంగిమల చిన్నగొట్టపు రైఫిలువి. 1951లో జి.వి. మావలంకర్ తొలి అధ్యక్షుడుగా జాతీయ రైఫిలు సంఘ మేర్పడి, మరుసటి యేట హెల్సింకీలో హరిహర బెనర్జీ, సౌరేన్ చౌధురి చిన్నగొట్టపు రైఫిలుతో నిలిచిన నాటినుండి ఈ పోటీలో మనకు ఒలింపిక్ పతకము దక్కుటకు 2024 వరకు పట్టినది. మహారాష్ట్రుడగు స్వప్నిల్ కుసాలే పారిస్‌లో కాంస్యము గెలిచినపుడు భారతబృందమునకు నాయకత్వము వహించినవాడు గగన్ నారంగే. ఈ నడుమ 1984లో ఒలింపిక్సున ప్రవేశించిన గాలిరైఫిలు, లైసెన్సు చిక్కులును తూటాల ఖర్చును తక్కువగుటచే, క్రొత్తవారిని తనవైపు లాగుకొన్నది. మార్టిని రైఫిలుకు పుట్టినిల్లు వంటి బోర్లపరుండి కాల్చు 50 మీటర్ల పోటీ 2016 రియో క్రీడలతో ఒలింపిక్సునుండి తొలగిపోయినది. ప్రపంచపోటీలలోను, మన జాతీయపోటీలలోను అది యింకను నడచుచున్నది. యాబది మీటర్ల ఆవల అచ్చటి గురిపలకమీద పదిమార్కుల వర్తులపు వ్యాసము 10.4 మిల్లీమీటర్లు, మంచి గొట్టము గల 1950 నాటి రైఫిలు, మేలైన తూటా దొరకినచో, నేటికిని ఆ వర్తులము దాటకుండ కాల్చగలదు.