ఆరో వంతు నుంచి లైసెన్సు దాకా: నదిలో చేప ఎవరిది?

పోయిన చలికాలంలో మా రూమ్మేట్ ఒక కయాక్ కొన్నాడు. గాలి నింపుకునే రకం, సెకండ్‌హ్యాండ్, తొమ్మిది వేలు. ప్రిలిమ్స్ పోయిన బాధలో ఉన్న ఇద్దరం ఒక ఆదివారం దాన్ని బస్సులో వేసుకుని నాగార్జునసాగర్ వెనక జలాల దగ్గరికి గాలాలు పట్టుకుని వెళ్లాం. గంటన్నర తిరిగినా ఒక్క చేప పడలేదు. అప్పుడే ఒక పుట్టి మా వైపు వచ్చింది. అందులో అరవై ఏళ్ల పెద్దాయన. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఏళ్ల తరబడి ఇక్కడే చేపలు పడుతున్న కుటుంబమట.

"ఏటి బాబూ, లైసెన్సు గానీ ఉందేటి మీకు?" అన్నాడు.

"లేదు బాబాయ్, సరదాకి వచ్చాం" అన్నాం.

"సరదాకైతే పర్నేదు గానీ, అటేపు వలలున్నాయి. మీ తెడ్డు తగిలితే తెగిపోతాయి" అని, చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవర్లో పెట్టిన తన కార్డు తీసి చూపించాడు. "ఇది లేకపోతే మాకు నీటిలో దిగడానికే ఉండదు బాబూ."

తిరుగు బస్సులో నాకు ఒకటే ఆలోచన. సరదాకి వచ్చిన మమ్మల్ని ఆ పెద్దాయన తప్ప ఎవరూ ఏమీ అడగలేదు. బతుకు కోసం వచ్చిన ఆయన మాత్రం కాగితం చూపించాలి. ఈ తేడా ఎప్పటి నుంచి వచ్చింది? సిలబస్‌లో భూమి శిస్తు గురించి వందల పేజీలు చదివాం. జమీందారీ, రైత్వారీ, మహల్వారీ నిద్రలో అడిగినా చెబుతాం. మరి నీటి శిస్తు? నదిలో చేప మీద హక్కు ఎవరిది? ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే. జీఎస్ పేపర్-1 ఆధునిక చరిత్రకు, పేపర్-3 పర్యావరణానికి, ఎస్సే పేపర్‌కు మూడింటికీ పనికొస్తుంది. ఓపికగా చదవండి.

ముందు పడవ సంగతి

కయాక్ పుట్టింది ఆర్కిటిక్ ప్రాంతంలో. కొట్టుకొచ్చిన కర్రలతోనో ఎముకలతోనో చట్రం కట్టి, దానిమీద సీల్ చర్మం బిగించేవారు. చెట్లు లేని చోట పుట్టిన చవకైన పడవ అది. మన పుట్టిదీ అదే సూత్రం: వెదురు బద్దల అల్లిక, పైన తోలు. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ తుంగభద్ర దాటించే ఈ గుండ్రటి పడవలను వర్ణించాడు. లోపల బెత్తం, బయట తోలు, పదిహేను ఇరవై మంది పడతారని రాశాడు. ఇప్పుడు తోలు పోయి ప్లాస్టిక్ పట్టా, తారు, ఫైబర్ వచ్చాయి. చట్రం మారలేదు.

మెకానికల్ చదివిన వాణ్ణి కాబట్టి ఒక్క మాట. కయాక్ పొడవుగా, సన్నగా ఉండి నేరుగా పోతుంది. పుట్టి గుండ్రంగా ఉండి తిరుగుతూ పోతుంది, కానీ రాళ్ల మధ్య తక్కువ లోతులో తట్టుకుంటుంది, ఉన్నచోటే మలుపు తిరుగుతుంది, ఒక మనిషి భుజాన వేసుకుని నడిచిపోగలడు. దక్కన్ నదులకు ఏది కావాలో అదే తయారైంది. అంటే నదిలోకి దిగడానికి పేదవాడికి పెట్టుబడి ఎప్పుడూ పెద్ద అడ్డు కాలేదు. అడ్డు వచ్చింది హక్కు.

ప్రాచీన కాలం: రాజుకు ఆరో వంతు

కౌటిల్యుని అర్థశాస్త్రంలో నావాధ్యక్షుడు అనే అధికారి ఉన్నాడు. జాలరులు పట్టిన దానిలో ఆరో వంతు పడవ రుసుము కింద ఇవ్వాలని ఆ అధ్యాయం చెబుతుంది. భూమి పంటలో రాజుకు ఆరో వంతు అన్నది మనకు తెలిసిందే. చేపకూ అదే లెక్క. చెరువులు, ఆనకట్టల్లోని చేపలు, పడవ దాటింపు, కూరల మీద యాజమాన్యం రాజుదే అని కూడా అదే గ్రంథంలో ఉంది. రాజ్యం నీటి మీద హక్కు చెప్పుకోవడం బ్రిటిష్ వాళ్లతో మొదలు కాలేదని దీన్ని బట్టి గమనించండి.

రెండో ఆధారం అశోకుని ఐదో స్తంభ శాసనం. పట్టాభిషేకమైన 26వ ఏట వేయించిన ఈ శాసనంలో చంపకూడని ప్రాణుల జాబితా ఉంది. అందులో కొన్ని రకాల చేపలున్నాయి. 'గంగా పుపుటక' అనే పేరు గంగా డాల్ఫిన్‌దే కావచ్చని కొందరు పండితుల అభిప్రాయం. కొన్ని పౌర్ణములు, ఉపవాస దినాల్లో చేపలు చంపరాదు, అమ్మరాదు. నేటి చేపల వేట నిషేధ కాలాన్ని ఇది గుర్తు చేస్తుంది. కానీ ఉద్దేశం వేరు. నేటిది గుడ్లు పెట్టే కాలాన్ని కాపాడటానికి, అశోకునిది అహింసా ధర్మం కోసం. జవాబులో ఈ రెంటినీ కలిపేయకండి.

మూడోది సరదా వేట. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రాసిన మానసోల్లాసంలో 'మత్స్యవినోదం' అనే భాగం ఉంది. గాలం, కర్ర, ఎర, ఏ చేప ఎక్కడ దొరుకుతుంది అన్నీ వివరించాడు. గాలం వేయడం ఇంగ్లీషు దొరలు తెచ్చిన వినోదం కాదన్నమాట. వినోదంగా పట్టేవాడు, పొట్టకోసం పట్టేవాడు ఒకే నదిలో ఉండటం కూడా కొత్త కాదు.

కంపెనీ పాలన: నీరూ జమీందారుదే

1793 శాశ్వత శిస్తు పద్ధతి మనకు భూమి పాఠం. కానీ బెంగాల్, బిహార్‌లలో భూమితో పాటు 'జల్కర్' అనే నీటి హక్కు కూడా జమీందారుల చేతికి వెళ్లింది. నదిలో ఫలానా చోటు నుంచి ఫలానా చోటు దాకా చేప పట్టాలంటే జమీందారుకో, అతని గుత్తేదారుకో కట్టాలి.

ఇక్కడే చట్టపరంగా ఒక చిక్కు వచ్చింది. పారే నదిలో స్వేచ్ఛగా తిరిగే చేప పట్టేదాకా ఎవరి సొత్తూ కాదు, కాబట్టి దాన్ని పట్టడం దొంగతనం కాదు అని 1870లలో కలకత్తా హైకోర్టు వైఖరి. జమీందార్లు గగ్గోలు పెట్టారు. ఫలితమే 1889 నాటి బెంగాల్ ప్రైవేటు చేపల రక్షణ చట్టం. హక్కు లేనివాడు పరాయి జల్కర్‌లో వల వేస్తే అది నేరమైంది. కోర్టు తెరిచిన తలుపును చట్టసభ మూసింది.

ప్రతిఘటన లేదా అంటే ఉంది. 1840ల కలకత్తాలో హుగ్లీ మీద చేపల వేటకు కంపెనీ పన్ను వేసినప్పుడు రాణీ రాస్మణి నదిలో కొంత భాగాన్ని పదివేల రూపాయలకు గుత్తకు తీసుకుని, ఇనుప గొలుసులు అడ్డంగా కట్టించి ఓడలను ఆపిందని, చివరికి పన్ను రద్దయిందని బెంగాల్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. కేవట కుటుంబంలో పుట్టి, దక్షిణేశ్వర్ ఆలయం కట్టించింది ఈమే.

ఆనకట్ట, చేప, ఒక తెలుగు ముడి

కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. గోదావరి డెల్టాకు అన్నం పెట్టిన కట్టడం. కానీ సముద్రం నుంచి వరద నీటికి ఎదురీదుతూ గుడ్లు పెట్టడానికి వచ్చే ఇలసకు, అంటే మన పులసకు, అది గోడ. ఆనకట్టలు చేపల రాకపోకలకు అడ్డమవుతున్నాయన్న విషయాన్ని 1860ల చివర్లో ప్రభుత్వం దృష్టికి తెచ్చిన వారిలో కాటన్ కూడా ఉన్నాడు. తాను కట్టినదాని లోటు తానే చెప్పాడు. ఎథిక్స్ పేపర్‌లో ఉదాహరణ కావాలంటే రాసుకోండి.

ఆ విచారణ ఫ్రాన్సిస్ డే అనే వైద్యుడి చేతికి వచ్చింది. 1873లో దేశంలోని మంచినీటి చేపల మీద ఆయన నివేదిక వెలువడింది. అదే ఏడాది మద్రాసు సివిల్ సర్వీసుకు చెందిన హెచ్.ఎస్. థామస్ 'ది రాడ్ ఇన్ ఇండియా' అనే గాలపు వేట పుస్తకం ప్రచురించాడు. ఇద్దరూ చేపలు తగ్గుతున్నాయన్నారు. కారణాల్లో సన్న కళ్ల వలలు, విషం వాడకం అంటూ స్థానిక జాలరుల పద్ధతులకు పెద్ద పీట వేశారు. ఈ ఆలోచనల నుంచే 1897 భారత చేపల చట్టం వచ్చింది. 4వ సెక్షన్ పేలుడు పదార్థాలను, 5వ సెక్షన్ విషాన్ని నిషేధించింది. 6వ సెక్షన్ ప్రకారం ఎంపిక చేసిన జలాల్లో వలలు, కాలాల మీద నియమాలు పెట్టే అధికారం ప్రాంతీయ ప్రభుత్వాలకు దక్కింది. మద్రాసులో 1907లో ఫ్రెడరిక్ నికల్సన్ ఆధ్వర్యంలో ఫిషరీస్ బ్యూరో ఏర్పడింది.

డైనమైట్‌ను ఆపడం మంచిదే, అందులో సందేహం లేదు. కానీ ఆ చట్టం చేప పట్టే పద్ధతిని అదుపు చేసింది తప్ప, చేప పట్టే వాడికి హక్కు ఇవ్వలేదు. 1878 అటవీ చట్టంతో పోల్చి చూడండి. అక్కడ అడవి బిడ్డ ఆక్రమణదారుడయ్యాడు, ఇక్కడ జాలరి అనుమతి అడిగేవాడయ్యాడు.

స్వాతంత్ర్యం వచ్చినా పోని 'పానీదారీ'

1950లో బిహార్ భూసంస్కరణల చట్టం జమీందారీని రద్దు చేసింది. అయినా భాగల్పుర్ జిల్లాలో సుల్తాన్‌గంజ్ నుంచి పీర్‌పైంతీ దాకా సుమారు 80 కిలోమీటర్ల గంగ ఇద్దరు 'పానీదారుల' చేతిలోనే ఉండిపోయింది. భూమి రద్దయింది గానీ ఇది నీరు కదా అన్న వాదన కోర్టుల్లో ఏళ్ల తరబడి నడిచింది. మల్లాలు, నిషాదులు తమ తాతలు ఈదిన నదిలో వల వేయడానికి డబ్బు కడుతూనే ఉన్నారు.

1982 ఫిబ్రవరి 22న కహల్‌గావ్‌లోని కాగజీ టోలా నుంచి గంగా ముక్తి ఆందోళన్ మొదలైంది. జయప్రకాశ్ ఉద్యమం నుంచి వచ్చిన యువకులు, జాలరి కుటుంబాలు, ముఖ్యంగా మహిళలు అహింసా పద్ధతిలో నడిపారు. పన్ను కట్టం అన్నారు. దాదాపు పదేళ్ల తర్వాత, 1991లో బిహార్ ప్రభుత్వం గంగలో సంప్రదాయ జాలరులకు పన్ను లేని వేట ప్రకటించింది. చంపారన్, ఖేడా, బార్డోలీ వరసలో ఈ పేరు కూడా మీ నోట్స్‌లో ఉండాలి.

కథ అక్కడ సుఖాంతం కాలేదు. అదే 1991లో అదే ప్రాంతంలో, సుల్తాన్‌గంజ్ నుంచి కహల్‌గావ్ దాకా, విక్రమశిల గంగా డాల్ఫిన్ అభయారణ్యం ప్రకటించారు. డాల్ఫిన్‌కూ రక్షణ కావాలి, వల వేసేవాడికీ అన్నం కావాలి. పైగా 1975లో పనిచేయడం మొదలుపెట్టిన ఫరక్కా బ్యారేజీ వల్ల పై గంగకు ఇలస రాక బాగా పడిపోయింది. హక్కు చేతికొచ్చేసరికి చేప పోయింది.

పొరుగు దేశం ఏం చేసింది? తూర్పు బెంగాల్ 1950లోనే జమీందారీ రద్దు చేసి జలాశయాలను ప్రభుత్వపరం చేసుకుంది. కానీ వాటిని వేలం వేయడంతో డబ్బున్న గుత్తేదారులే వచ్చారు. 1986లో బంగ్లాదేశ్ కొత్త విధానంతో కొన్ని చోట్ల జాలరులకే నేరుగా లైసెన్సులిచ్చే ప్రయత్నం చేసింది. యజమాని పేరు మారితే సరిపోదు, ఎవరికి ఎలా ఇస్తున్నామన్నదే అసలు విషయం.

ఈనాటి స్థితి

రాజ్యాంగంలో చేపల వేట రాష్ట్ర జాబితా 21వ అంశం. ప్రాదేశిక జలాల ఆవల కేంద్ర జాబితా 57వ అంశం. 1996 డిసెంబరులో బియాస్ నది ఒడ్డుకు సంబంధించిన ఎం.సి. మెహతా వర్సెస్ కమల్‌నాథ్ తీర్పులో సుప్రీంకోర్టు ప్రజా విశ్వాస సూత్రాన్ని చెప్పింది. నదులు ప్రజల సొత్తు, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమే.

ఇక ఉత్పత్తి. 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి, అలికున్హి హార్మోన్ ఇంజెక్షన్‌తో కార్ప్ చేపల చేత గుడ్లు పెట్టించారు. ఆ రోజునే జాతీయ చేపల రైతుల దినోత్సవంగా జరుపుతున్నాం. ఆ తర్వాత చేప నది నుంచి చెరువుకు మారింది. ఆంధ్రప్రదేశ్ నేడు చేపల ఉత్పత్తిలో దేశంలో మొదటి స్థానంలో ఉందంటే ఆ చెరువుల వల్లే. కానీ చెరువుకు భూమి కావాలి, పెట్టుబడి కావాలి. పుట్టి ఒక్కటే ఆస్తి అయినవాడికి ఈ నీలి విప్లవంలో చోటు తక్కువ.

రివిజన్ కోసం

1793: శాశ్వత శిస్తు, జల్కర్ హక్కులు
1873: డే నివేదిక, థామస్ పుస్తకం
1889: బెంగాల్ ప్రైవేటు చేపల రక్షణ చట్టం
1897: భారత చేపల చట్టం
1907: మద్రాసు ఫిషరీస్ బ్యూరో
1957: ప్రేరిత ప్రజననం
1975: ఫరక్కా
1982–91: గంగా ముక్తి ఆందోళన్

సాధన ప్రశ్న: "భారతదేశంలో భూసంస్కరణలు నేలను తాకాయి గానీ నీటిని తాకలేదు." చర్చించండి. (15 మార్కులు, 250 పదాలు)

జవాబు రాసేటప్పుడు ఒక్క సూచన. నేను ఇన్నాళ్లూ ఇలాంటి ప్రశ్నలకు 'భాగస్వాములందరినీ కలుపుకుపోవాలి' అని ముగించేవాణ్ణి. అది రాస్తే మార్కులేమీ పోవు. కానీ ఇప్పుడు ఆ వాక్యం రాయబోతే ప్లాస్టిక్ కవర్లోని ఆ కార్డు గుర్తొస్తోంది. ఆయనకు కావాల్సింది ఏమిటో స్పష్టంగా రాయండి: మధ్యలో గుత్తేదారు లేని లైసెన్సు, వేట నిషేధ కాలంలో భృతి, ఆనకట్ట కట్టేటప్పుడు చేపకు దారి, అభయారణ్యం గీత గీసేముందు జాలరితో ఒక మాట.

కయాక్ ఇప్పుడు గాలి తీసేసి మంచం కింద ఉంది. ఈసారి వెళితే ముందు అనుమతి సంగతి కనుక్కుని, వలలు ఎక్కడున్నాయో ఆ పెద్దాయన్నే అడిగి నీళ్లలో దిగాలని అనుకున్నాం. మెయిన్స్ అయ్యాక.