చెదరిన పుటలు – చరిత్ర సాక్ష్యం: మహా మంగోల్ షానామా

1. ఉపోద్ఘాతం:
మధ్యయుగ ఇస్లామిక్ చిత్రకళకు లిఖితగ్రంథం ఒక ప్రధానాశ్రయం. అందులో లేఖనం, చిత్రం ఒకే కాగితపు పుటను పంచుకుంటాయి. చిత్రాన్ని గ్రంథం నుంచి వేరుచేస్తే చరిత్రకారుడు కోల్పోయే ఆధారమేమిటో ‘మహా మంగోల్ షానామా’ ప్రతి ద్వారా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ప్రతి స్వరూపం:
జాషువా కావ్యం ద్వారా తెలుగువారికి పరిచితుడైన ఫిరదౌసి క్రీ.శ. 1010లో ముగించిన పారశీక ఇతిహాసం షానామా. ఇరాన్‌ను ఇల్‌ఖానీ మంగోలులు పాలించిన కాలంలో, 1330ల ప్రాంతంలో, బహుశా తబ్రీజ్‌లో ఈ ప్రతి రూపొందింది. పాఠం ఆరు నిలువు వరుసల్లో సాగుతుంది. మొదట ఇందులో సుమారు 200 చిత్రాలుండేవని పండితుల అంచనా. నేడు 60 లోపే లభిస్తున్నాయి.

3. విచ్ఛేదం:
20వ శతాబ్ది తొలి దశకాల్లో పారిస్ కళావ్యాపారి జార్జ్ దెమోత్ ఈ ప్రతిని విప్పి విడిపుటలుగా అమ్మాడు. కొన్ని పుటలకు రెండువైపులా చిత్రాలున్నాయి. అటువంటి కాగితాన్ని రెండు పొరలుగా చీల్చి, ఒక్కొక్క పొరను వేరే పుటకు అతికించి, రెండు అమ్మకపు వస్తువులుగా మార్చారు. దానితో కొన్ని చిత్రాలు సంబంధంలేని పాఠంతో జతపడ్డాయి.

4. పర్యవసానం:
ఈ చిత్రాల్లోని ఘట్టాల ఎంపిక సమకాలిక మంగోల్ రాజకీయాలను ప్రతిబింబిస్తుందని 1980లో ఒలెగ్ గ్రాబర్, షీలా బ్లేర్ ప్రతిపాదించారు. వాషింగ్టన్‌లోని ‘ఇస్కందర్ శవపేటిక’, న్యూయార్క్‌లోని ‘ఇస్ఫందియార్ అంత్యయాత్ర’ వంటి గాఢ శోకదృశ్యాలను చూస్తే ఈ వాదన ఆకర్షణీయంగా కనిపిస్తుంది. అయితే ఎంపికను గురించి నిర్ధారించాలంటే మొత్తం తెలియాలి. మూడింట రెండు వంతులకు పైగా చిత్రాలు లేనప్పుడు, ఏ ఘట్టాలకు ప్రాధాన్యం దక్కిందన్న లెక్క అసంపూర్ణమే. మిగిలినవాటిలో కనిపించే ప్రాధాన్యం ప్రతిని రూపొందించినవారి ఉద్దేశమా, కాలం మిగిల్చిన శేషమా అన్న సందేహం తీరదు.

5. ముగింపు:
కనుక చిత్రానికి పైనా కిందా ఉన్న పద్యాలు, పుట వెనుకభాగం, అతుకుల జాడలు చిత్రంతో సమానమైన చారిత్రక సాక్ష్యాలు. పాఠాన్ని కత్తిరించి చిత్రాన్ని మాత్రమే ముద్రించే సంపుటాలు ఆ పాత విచ్ఛేదాన్నే కొనసాగిస్తున్నాయి. తాళపత్ర ప్రతిలో ఆకుల క్రమం తప్పితే కావ్యపాఠం ఎంత తారుమారవుతుందో పరిష్కర్తలకు తెలుసు. చిత్రిత కాగితప్రతి పరిశోధనకూ ఆ జాగ్రత్తే అవసరం.