వంద డాలర్ల పండు: గెలిచిన చెట్లు ఏమైపోయాయి?

ఈ రోజు కథ రాజులది కాదు, యుద్ధాలదీ కాదు. ఒక పండుది. ఇంకా కరెక్ట్‌గా చెప్పాలంటే, ఆ పండు గింజది.

1916లో అమెరికన్ జెనెటిక్ అసోసియేషన్ అనే సంస్థ ఒక పోటీ పెట్టింది. దేశంలో అన్నిటికంటే మంచి పాపా పండు ఎక్కడుందో, అన్నిటికంటే పెద్ద పాపా చెట్టు ఎక్కడుందో చూపించండి, మొత్తం 100 డాలర్ల బహుమతి ఇస్తాం అని. ఆ రోజుల్లో 100 డాలర్లంటే చిన్న డబ్బు కాదు. చాలా రాష్ట్రాల నుంచి జనం పండ్లు ప్యాక్ చేసి పోస్ట్‌లో పంపారు. ఒహాయోలోని ఐరన్‌టన్ నుంచి కెట్టర్ అనే ఆవిడ పంపిన పండు బెస్ట్ అని తేల్చారు. ఈ పండుకి మంచి భవిష్యత్తు ఉందని సైంటిస్టులు అనుకున్నారు.

మరి ఈ రోజు అమెరికాలో ఉన్న మీ ఫ్రెండ్‌ని అడగండి, సూపర్ మార్కెట్‌లో పాపా పండు ఎప్పుడైనా కొన్నావా అని. దాదాపు అందరూ లేదనే చెప్తారు. ఎందుకు? అదే ఈ ఎపిసోడ్.

ముందు ఒక కన్‌ఫ్యూజన్ తీసేద్దాం. చాలా దేశాల్లో పాపా అంటే బొప్పాయే. నేను చెప్పేది అది కాదు. ఇది అసిమినా ట్రైలోబా, అమెరికా తూర్పు అడవుల్లో సొంతంగా పెరిగే చెట్టు. మన సీతాఫలం కుటుంబమే. ఆ కుటుంబంలో దాదాపు అందరూ వేడి దేశాల వాళ్లు. ఇదొక్కటే మంచు పడే చోటికి వెళ్లి సెటిలైపోయిన చుట్టం. లోపల పసుపు రంగు మెత్తటి గుజ్జు, పెద్ద పెద్ద గోధుమరంగు గింజలు. రుచి అరటిపండూ మామిడీ కలిపినట్టు ఉంటుందని తిన్నవాళ్లు చెప్తారు.

అక్కడి మూలవాసులకి ఇది ఎప్పటినుంచో తెలుసు. బయటి నుంచి వచ్చినవాళ్లకీ ఆకలి తీర్చింది. 1806 సెప్టెంబర్‌లో లూయిస్, క్లార్క్ బృందం పసిఫిక్ తీరం దాకా వెళ్లి మిస్సోరి నది మీద తిరిగొస్తోంది. తిండి దాదాపు అయిపోయింది. అయినా మనవాళ్లు ఈ పండ్లు తిని హాయిగానే ఉన్నారని క్లార్క్ తన డైరీలో రాసుకున్నాడు.

ఇంత మంచి పండు షాపుకి ఎందుకు రాలేదు? మొదటి కారణం సింపుల్. పండాక బయట పెడితే రెండు మూడు రోజులే ఉంటుంది. కాస్త నొక్కితే నల్లబడుతుంది. అదే టైమ్‌లో అరటిపండు ఓడలెక్కి, రైలెక్కి, చవగ్గా ప్రతి ఊరికీ వచ్చేసింది. పాపా పండుకి పేదవాడి అరటిపండు అనే పేరు మిగిలింది.

రెండో కారణం నాకు ఇంకా ఇంట్రెస్టింగ్. గింజ.

మన సీతాఫలం గింజ ఎండబెట్టి దాచినా మొలుస్తుంది. పాపా గింజ ఎండితే చచ్చిపోతుంది. కవర్‌లో వేసి అటక మీద పెట్టేస్తే పని అయిపోదన్నమాట. గుజ్జంతా కడిగి, తడి నాచులోనో తడి ఇసుకలోనో పెట్టి, ఫ్రిజ్‌లో మూడు నాలుగు నెలలు చలి చూపించాలి. చలికాలం అయిపోయిందని గింజకి నమ్మకం కుదిరితేనే లేస్తుంది. లేచాక కూడా ముందు వేరే దిగుతుంది. పైన మొలక కనపడటానికి ఇంకా వారాలు పడుతుంది. చాలామంది గింజ చచ్చిందనుకుని కుండీ గుమ్మరించేసేది ఇక్కడే. అందుకే కనీసం అడుగు లోతున్న కుండీ కావాలి. ఆ తల్లి వేరు విరిగితే మొక్క కోలుకోవడం చాలా కష్టం.

ఇంకో ట్విస్ట్. కాయలు బాగా కాయాలంటే పెద్ద చెట్టుకి మంచి ఎండ కావాలి. కానీ అదే ఎండ మొదటి ఏడాది మొక్కని చంపేస్తుంది. అడవిలో పెద్ద చెట్ల నీడలో పెరిగే బిడ్డ కదా. కాబట్టి ఏడాది, రెండేళ్లు షేడ్ నెట్ కట్టాలి, నీళ్లు ఆపకూడదు, చుట్టూ గడ్డి పెరగనివ్వకూడదు. జింకలు దీని ఆకు పెద్దగా ముట్టుకోవు, ఆకులో ఉండే కెమికల్స్ వాటికి నచ్చవు. కానీ మగ జింకలు కొమ్ములు రుద్ది లేత కాండం బెరడు లేపేస్తాయి. అందుకని చుట్టూ కంచె కావాలి. ఇంత చేస్తే ఐదు నుంచి ఎనిమిదేళ్లకి కాయ. అదీ పక్కన వేరే జన్యువుల చెట్టు ఇంకోటి ఉంటేనే.

ఇప్పుడు 1916కి వెనక్కి వెళ్దాం. గెలిచిన పండు గింజ నాటితే అదే పండు రాదు, ఎందుకంటే పిల్ల మొక్కలో ఇంకో చెట్టు పాలు కూడా ఉంటుంది. అదే రకం కావాలంటే కొమ్మ తెచ్చి అంటు కట్టాలి. అంటే ఈ పండుకి బ్యాకప్ ఫైల్ లేదు. ఉన్నదల్లా లైవ్ సర్వర్, అది కూడా ఒకరి పెరట్లో. పెన్సిల్వేనియాలో జిమ్మర్‌మన్ అనే ఆయన డజన్ల రకాలు సేకరించి పెంచాడు. ఆయన పోయాక కొన్ని వర్జీనియాలోని బ్లాండీ ఫామ్‌కి చేరాయి. మిగతా చాలా తోటలు, చూసుకునే మనిషి పోగానే, పొదల్లో కలిసిపోయాయి. పోటీలో గెలిచిన పేర్లు జర్నల్‌లో ఉన్నాయి. చెట్లలో చాలావాటి జాడే లేదు.

1975లో వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీలో జెనెటిక్స్ చదివే నీల్ పీటర్సన్ అనే కుర్రాడు మొదటిసారి ఈ పండు తిన్నాడు. అడవిలో ఎవరూ పట్టించుకోకుండానే ఇంత బాగుంటే, కాస్త బ్రీడింగ్ చేస్తే ఎలా ఉంటుందో అనుకున్నాడు. ఆ పాత తోటల అడ్రస్‌లు వెతికాడు. బతికున్న చెట్ల గింజలు ఏరాడు. 1980ల్లో మేరీల్యాండ్‌లో సుమారు 1,500 మొక్కలు పెంచాడు. పైన చెప్పిన చాకిరీ ఉంది చూశారా, దాన్ని 1,500తో గుణించుకోండి. ఏళ్ల తరబడి పండు పండునీ రుచి చూసి, కొన్నిటినే ఉంచాడు. వాటికి షెనాండోవా, సస్క్వెహానా, పొటోమాక్ లాంటి నదుల పేర్లు పెట్టాడు. ఆ పేర్లు అక్కడి మూలవాసుల భాషల నుంచి వచ్చినవి.

ఆయన ఒక్కడే కాదు. కెంటకీ స్టేట్ యూనివర్సిటీ 1990 నుంచి పాపా మీద రీసెర్చ్ చేస్తోంది. ఆ దేశపు పాపా జీన్ బ్యాంక్ కూడా అక్కడే. ఆ బ్యాంక్ అంటే సీసాల్లో గింజలు కాదు, నేలలో నిలబడ్డ చెట్లు. ఎండబెట్టి దాచలేని పండుకి వేరే దారి లేదు మరి.

మన మైదానాల్లో దీనికి కావల్సిన చలి లేదు, కాబట్టి హైదరాబాద్‌లో, విజయవాడలో ట్రై చేయకండి. ఒహాయో, వర్జీనియా, మేరీల్యాండ్ వైపు పెరడున్న తెలుగువాళ్లు మాత్రం ఈ సెప్టెంబర్‌లో పండు తిని గింజ పారేయకండి. ఒక్కటి కాదు, రెండు మొక్కలు పెంచండి.

ఇక్కడున్న మనం చేయాల్సిన పని వేరే ఉంది. బాలానగర్ సీతాఫలానికి పేరుంది, నర్సరీలో అంటు దొరుకుతుంది. దానికి భయం లేదు. కానీ మీ అమ్మమ్మ ఊళ్లో ఒక్క పెరట్లోనే ఉండే మామిడో, జామో ఉందా? పేరు కూడా ఆ ఇంటి పేరే అయి ఉంటుంది. ఆ ఇల్లు అమ్మేసే రోజు వస్తే ఆ చెట్టుకి ఎవరు అంటు కడతారు? అలాంటి చెట్టు మీకు తెలిస్తే కామెంట్స్‌లో రాయండి. దాని మీద ఒక ఎపిసోడ్ చేద్దాం, చెట్టు ఉండగానే.